కారణం గారి కుడికాలు

బిల్లు అన్నాక దానికో కారణం ఉండాలి. ఊరికే చట్టం చేస్తామంటే సభ ఒప్పుకోదు. అందుకని ప్రతి బిల్లు చివరా "ఉద్దేశములు, కారణముల ప్రకటన" అని ఒక పేజీ జోడిస్తాం. న్యాయ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా నేను చేసే పని ఆ పేజీ రాయడమే. సర్వీసులో చాలా కారణాలు రాశాను గానీ, మీసం సవరించుకుని "రామ్ రామ్ సాబ్" అని నన్ను పలకరించిన కారణం మాత్రం ఒక్కటే. ఆయన పేరు హవల్దార్ గొర్లె త్రినాథ.

త్రినాథది సముద్రానికి దగ్గరగా ఉన్న దూసిపేట. సరిహద్దు కొండల్లో కాపలా కాస్తుండగా మందుపాతర పేలి కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. సైన్యం వాళ్ళు కట్టుడు కాలు పెట్టి, పతకం ఇచ్చి, గౌరవంగా ఇంటికి పంపారు. వచ్చినవాడు ఖాళీగా కూర్చోలేదు. తెల్లారితే మెడలో విజిల్ వేసుకుని సముద్రపొడ్డుకి వెళ్ళి, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళచేత, ఆడపిల్లలచేత ఇసుకలో పరుగులు పెట్టించేవాడు. ఒక చోట నిలబడి అరిచే రకం కాదు. ఆ కట్టుడు కాలితోనే వాళ్ళ పక్కన కొంత దూరం పరిగెత్తి, అప్పుడు తిట్టేవాడు. "ఒంటికాలోడు మీకన్నా ముందున్నాడు, సిగ్గులేదట్రా!" అని. ఆ తిట్టు తినడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చేవారు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు యూనిఫాంలో ఉన్నారు.

కట్టుడు కాలు ఎప్పటికీ ఉండదు. అరిగితే మార్చుకోవాలి. దానికి వేరే రాష్ట్రంలో ఉన్న మిలిటరీ కేంద్రానికి రైల్లో వెళ్ళాలి. ఆ ఏడాది కూడా త్రినాథకి అక్కణ్ణుంచి పిలుపు వచ్చింది, రైలు టికెట్లు కూడా తీసుకున్నాడు. ఈలోగా రిపబ్లిక్ దినోత్సవం వచ్చిపడింది.

జిల్లా కేంద్రంలో ఆ రోజు జెండా ఎగరేసినది సైనిక సంక్షేమ శాఖ మంత్రి ఉగ్రనరసింహం గారు. మాజీ సైనికులకి సన్మానం పెట్టారు. పేరు పిలవగానే త్రినాథ వేదిక ఎక్కి, మంత్రిగారి ఎదుట మడమ బలంగా నేలకి తాటించి సెల్యూట్ కొట్టాడు. ఆ తాటింపుకి అరిగిన కట్టుడు కాలు ఫట్టున రెండు ముక్కలైంది. మనిషి ముందుకి తూలి సరిగ్గా మంత్రిగారి మీద పడ్డాడు. తప్పుకోవడానికి వెనక కుర్చీ అడ్డం ఉండడం వల్ల మంత్రిగారు ఆయన్ని పట్టుకోవలసి వచ్చింది. కెమెరాలు టకటకలాడాయి.

ఆ పట్టు వదలకుండానే మంత్రిగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఇప్పుడు విరిగింది ఒక సైనికుడి కాలు కాదు, మనందరి మనస్సాక్షి! ఇక మీదట ఈ రాష్ట్రంలో ఏ సైనికుడూ కాలు కోసం రైలెక్కనక్కర్లేదు. జిల్లా ఆస్పత్రిలోనే కాలు! దానికి నేను చట్టం తెస్తాను!"

పక్కనే ఉన్న కలెక్టరు గారు మెల్లగా చెప్పారు. "సార్, దీనికి చట్టం దాకా అక్కర్లేదండి. ఆస్పత్రిలో గది ఉంది. ఒక ఉత్తర్వు ఇస్తే చాలు."

"ఉత్తర్వుకి చప్పట్లు కొడతారటయ్యా?" అన్నారు మంత్రిగారు, చప్పట్లు వింటూ.

అలా ఆ బిల్లు మా శాఖకి వచ్చింది. నేను నా పేజీ రాశాను. "గొర్లె త్రినాథ అను మాజీ సైనికునికి కుడికాలు లేకపోవుట, తత్స్థానే మరొక కాలు లభింపకపోవుట ఈ బిల్లుకు కారణములు" అని. మా కార్యదర్శి నిష్ఠల విశ్వపతి గారు దాన్ని రెండుసార్లు చదివి తలెత్తారు.

"ఈ కారణం ప్రస్తుతం ఎక్కడుంది?"

"దూసిపేటలో సార్. వచ్చే వారం కొత్త కాలు పెట్టించుకోడానికి మిలిటరీ కేంద్రానికి వెళ్తోంది... వెళ్తున్నాడు సార్."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే రాజ్యాంగానికి ఏదో ప్రమాదం వచ్చిందని మాకు లెక్క.

"ఆలోచించు కనకాచలం. మంత్రిగారు సభలో లేచి, త్రినాథకి కాలు లేదు అని చదువుతారు. ఆ సమయానికి అతనికి కాలుంటుంది. అంటే మంత్రిగారు సభకి అసత్యం చెప్పినట్టు. సభాహక్కుల ఉల్లంఘన! పైగా కారణం తీరిపోయిన బిల్లు అసలు బిల్లే కాదు. వెంటనే వెళ్ళు. బిల్లు చట్టమయ్యే వరకు కారణాన్ని యథాతథ స్థితిలో ఉంచే బాధ్యత నీది."

మెమో చేతికిచ్చారు. అందులో కూడా "కారణమును యథాతథ స్థితిలో ఉంచవలెను" అనే ఉంది. నేను రైలెక్కి దూసిపేట వెళ్ళాను.

వాళ్ళింట్లో ప్రయాణం హడావిడిగా ఉంది. ఆకుపచ్చ మిలిటరీ ట్రంకుపెట్టె తెరిచి ఉంది. త్రినాథ భార్య దాలమ్మ దారిలో తినడానికి జంతికలు డబ్బాలో సర్దుతోంది. త్రినాథ చంకకర్రలు గోడకానించి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను.

దాలమ్మ చేతిలో జంతిక అలాగే ఉండిపోయింది. "అంటే ఏటి బాబూ, కాలు ఇత్తానని సెప్పి కాలు పెట్టుకోవొద్దంతారా?"

"తాత్కాలికంగానేనమ్మా. బిల్లు చట్టమయ్యేదాకా."

"అదెప్పుడవుతాది?"

"అది సభ ఇష్టం."

"సభకేటి తొందర? సభకి కాళ్ళున్నాయి గదా!" అంది దాలమ్మ, డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

త్రినాథ ఆమెని ఆగమన్నట్టు చెయ్యెత్తి, నన్ను అడిగాడు. "సాబ్, ఈ చట్టమొత్తే మా పోలాకి సింహాచలానికి కూడా ఇక్కడే కాళ్ళు దొరుకుతాయా?"

"ఆయనెవరు?"

"మా రెజిమెంటోడే. పక్కూరు. ఆడికి రెండు కాళ్ళూ లేవు. ఎత్తి రైలెక్కించేవోళ్ళు లేక సెంటర్‌కి ఎల్లడం మానీసినాడు. అరుగు మీద కూకుని ఎడ్లబళ్ళు లెక్కెడతన్నాడు."

"చట్టం అందరికీ వర్తిస్తుందండీ. ఆయనకి ముందు వర్తిస్తుంది," అన్నాను. ఆ మాట నేను నమ్మే అన్నాను.

త్రినాథ కాసేపు ట్రంకుపెట్టె వైపు చూశాడు. "అయితే ఆగుతాను సాబ్. పోస్టు మీద ఆగమంటే ఆగినోణ్ణే గదా. దాలమ్మా, పెట్టి మూసీ."

దాలమ్మ పెట్టె మూసింది. వెళ్ళేటప్పుడు ఆ జంతికల డబ్బా నాకిచ్చి, "రైల్లో మీరే తినండి బాబూ" అంది. నాకు కాళ్ళు రెండూ ఉన్నందుకు మొదటిసారి సిగ్గేసింది.

బిల్లు నడక మొదలుపెట్టింది. నడక అంటే శాఖల మధ్య. మొదటి అభ్యంతరం మా శాఖ నుంచే వచ్చింది. చట్టంలో "కాలు" అనే మాట మర్యాదగా లేదని విశ్వపతి గారు దాన్ని "పాదము"గా మార్చారు. పాదం అంటే అడుగుభాగం మాత్రమే అవుతుందని ఆరోగ్య శాఖ రాసింది. మంత్రిగారు స్వయంగా కల్పించుకుని "చరణము" అని పెట్టారు. ఆ మాటలో భక్తి ఉందన్నారు. ఆ ప్రతి ఎలా వెళ్ళిందో సాంస్కృతిక శాఖకి వెళ్ళింది. వాళ్ళు చాలా శ్రద్ధగా చదివి, "చరణమును గురించి సమగ్రముగా నున్నది. కాని పల్లవి ప్రస్తావన లేదు. చేర్చిన బాగుండును" అని రాసి పంపారు. తీసేస్తే మళ్ళీ అన్ని శాఖలకీ తిప్పాలి గనక, చేర్చాం. నాలుగో నిబంధనలో ఇప్పటికీ "చరణము, అవసరమైనచో పల్లవి" అని ఉంటుంది.

ఆర్థిక శాఖ అభ్యంతరం మాత్రం గట్టిది. "సదరు మాజీ సైనికునికి ఇప్పటికే ఒక చరణము కలదు. మరొకటి మంజూరు చేయుట ద్వంద్వ ప్రయోజనము కాదా?" అని అడిగారు. దానికి సమాధానం రాయడానికి మా శాఖలో ఒక ఉపసంఘం వేశారు. మనిషికి సాధారణంగా రెండు కాళ్ళుంటాయని నిరూపించే ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ దొరకలేదు. చివరికి పోలీసు శాఖ వాళ్ళు బూట్లు జతలుగా కొంటారన్న ఆధారం చూపించి గట్టెక్కాం.

ఈ మధ్యలో దూసిపేట దగ్గరి టౌన్లో నగల వర్తకుల సంఘం వాళ్ళు ఉచితంగా కట్టుడు కాళ్ళ శిబిరం పెట్టారు. దాలమ్మ ఎవరికీ చెప్పకుండా త్రినాథని ఆటోలో ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళింది. కారణం తనిఖీకి ఆ రోజే దూసిపేట వచ్చిన నేను, సంగతి తెలిసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి కల్యాణ మండపంలో ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద తడి ప్లాస్టర్ చుట్టి కొలత తీస్తున్నారు. నేను మెమో చూపించాను. ప్రభుత్వ ముద్ర చూసి శిబిరం వాళ్ళు భయపడి చేతులు వెనక్కి తీసుకున్నారు.

దాలమ్మ కొంగు నీళ్ళలో ముంచి, గట్టిపడుతున్న ఆ ప్లాస్టర్‌ని ఆయన కాలి నుంచి కొద్దికొద్దిగా తుడిచేసింది. చివరి ముక్క ఊడదీశాక నా వైపు చూసి, "ఎలాగున్నదో అలాగే ఉంది బాబూ. రాసుకోండి" అంది.

నేను రాసుకున్నాను. కారణం యథాతథంగా ఉందని ఆ సాయంత్రమే టెలిగ్రాం భాషలో కార్యాలయానికి నివేదిక పంపాను. పంపాక భోజనం సయించలేదు.

బిల్లు సభలో ప్రవేశపెట్టారు. ప్రతిపక్షం వాళ్ళు క్షుణ్ణంగా పరిశీలించాలన్నారు. సెలెక్ట్ కమిటీకి పంపారు. కమిటీ అధ్యక్షులు కోదండపాణి గారు సూక్ష్మదృష్టి గల మనిషి. కాళ్ళున్నవాళ్ళు పడే బాధ తెలిస్తే తప్ప లేనివాళ్ళ బాధ తెలియదని, సభ్యుల్ని వెంటబెట్టుకుని ఒక చల్లటి కొండ ప్రాంతానికి అధ్యయనానికి వెళ్ళారు. అక్కడ ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. తిరిగొచ్చాక సాక్షిగా త్రినాథని పిలిచారు.

కమిటీ హాలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు సభ్యులకి మాత్రమే. నేను లిఫ్టు దగ్గరి ఉద్యోగిని బతిమాలాను. "గౌరవ సభ్యులు ఎప్పుడైనా రావచ్చు సార్, ఖాళీగా ఉంచాలి" అన్నాడు. లిఫ్టు ఖాళీగానే ఉంది. త్రినాథ చంకకర్రలు బిగించి మెట్లెక్కాడు. ఒక్కొక్క మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కాడు. చొక్కా వీపున తడిసిపోయింది. దాలమ్మ వెనక నుంచి ఆయన నడుం పట్టుకుని వచ్చింది.

హాల్లోకి వెళ్ళాక కోదండపాణి గారు ఆప్యాయంగా పలకరించారు. "రావయ్యా త్రినాథా. ఎలా వచ్చావు?"

"మెట్లెక్కొచ్చాను సాబ్."

"మూడంతస్తులూనా? ఎవరూ ఎత్తుకు రాలేదు కదా?"

"లేదు సాబ్."

అధ్యక్షులు సభ్యుల వైపు అర్థవంతంగా చూశారు. ఇంకే ప్రశ్నలూ అడగలేదు. నివేదికలో ఇలా రాశారు: "సాక్షి ఇతరుల సహాయము లేకయే మూడవ అంతస్తునకు విచ్చేసెను. కావున చరణము అత్యవసరమని చెప్పజాలము. ఐనను మానవతా దృష్టితో బిల్లును సిఫారసు చేయుచున్నాము."

దిగేటప్పుడు త్రినాథ నాతో అన్నాడు. "ఎక్కకుండా కింద కూకుండిపోతే బాగుండేదా సాబ్?"

"అప్పుడు సాక్షి గైర్హాజరు అని రాసేవారండి," అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ధైర్యం ఇచ్చింది. దాలమ్మకి ఇవ్వలేదు.

దూసిపేటలో ఇసుక మీద పరుగులు అప్పటికే తగ్గిపోయాయి. త్రినాథ కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతున్నాడు. కానీ పక్కన పరిగెత్తి తిట్టే మనిషి లేకపోయేసరికి పిల్లలకి ఊపు పోయింది. కూర్చున్నవాడి తిట్టు తగలదట. సైకిళ్ళు పల్చబడ్డాయి. ఒకరోజు ఎవరూ రాలేదని, అయినా ఆయన చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేదని దాలమ్మ ఫోనులో చెప్పింది. "ఇంకెన్నాళ్ళు బాబూ?" అని అడిగింది. "వచ్చే సమావేశాల్లోనే" అని నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను.

ఆ మాట ఈసారి నిజమైంది. బిల్లు చర్చకి వచ్చింది. సభ చూడాలని త్రినాథని, దాలమ్మని సందర్శకుల గ్యాలరీకి పిలిపించారు. ద్వారం దగ్గర భద్రతా సిబ్బంది చంకకర్రలు తీసేసుకున్నారు. కర్రలు ఆయుధాల పద్దులోకి వస్తాయట. దాలమ్మ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాం.

చర్చ మొదలైన కాసేపటికి ఒక సభ్యుడు లేచి, "అధ్యక్షా! సైనికుడంటే ఎవరు? సరిహద్దులో నిలబడ్డవాడేనా? ప్రజల కోసం మేము పోరాడటం లేదా?" అన్నారు. సభలో కదలిక వచ్చింది. ఇంకొకరు లేచి, "అవయవం పోతేనే నష్టమా అధ్యక్షా? మొన్నటి ఎన్నికల యుద్ధంలో మా తమ్ముడు డిపాజిట్ పోగొట్టుకున్నాడు. ఆ నొప్పి ఎవరికి తెలుసు?" అని గద్గదస్వరంతో అడిగారు. అంతవరకు కాగితాలు విసురుకుంటున్న రెండు పక్షాలూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. అలాంటి ఐక్యత ఆ సభలో నేను అంతకు ముందు చూడలేదు. మంత్రిగారు అక్కడికక్కడే సవరణ ఒప్పుకున్నారు. మాజీ సైనికులతో పాటు, సైన్యంలో చేరాలని మనసులో అనుకున్నవారు, పాఠశాల నాటకంలో సైనికుడి వేషం వేసినవారు, ఎన్నికలలో పోరాడినవారు కూడా లబ్ధిదారులయ్యారు. "కోల్పోవుట" అనే మాటకి కాలు, పదవి, డిపాజిట్ మూడూ చేరాయి.

అప్పుడు సభాపతి గారికి గ్యాలరీ గుర్తొచ్చింది. "ఈ మహత్తర బిల్లుకు కారణమైన హవల్దార్ త్రినాథ గారు మన మధ్యే ఉన్నారు. వారు లేచి నిలబడి సభ గౌరవాన్ని స్వీకరించవలసిందిగా కోరుతున్నాను."

త్రినాథ లేచాడు. సభ చెప్పాక లేవకుండా ఉండే మనిషి కాదు. చంకకర్రలు లేవు. దాలమ్మ భుజం పట్టుకుని ఎడమకాలి మీద నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. సభ్యులందరూ లేచి చప్పట్లు కొట్టారు. ముందుగా ఆపినవారికి దేశభక్తి తక్కువన్న పేరొస్తుందని ఎవరూ ఆపలేదు. చప్పట్లు సాగుతూనే ఉన్నాయి. త్రినాథ తొడ వణకడం నాకు కనిపించింది. నుదుటి మీద చెమట కారి కనుబొమల్లోకి దిగింది. సెల్యూట్ దించలేదు. దాలమ్మ ముందుకి చూస్తూనే పళ్ళ బిగువున అంది. "సాల్లే, కూకో."

"ఆళ్ళు ఆపలేదు గదే," అన్నాడు ఆయన.

మైకు పాడై కీచుమని మోగడంతో చప్పట్లు ఆగాయి. త్రినాథ కుర్చీలో కూలబడ్డాడు. మూజువాణి ఓటుతో బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. పై సంతకం కూడా పడి, కొద్ది రోజుల్లో గెజిట్‌లో అచ్చయింది.

ఆ గెజిట్ పట్టుకుని నేనే త్రినాథని, దాలమ్మని విశ్వపతి గారి గదికి తీసుకెళ్ళాను. ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది. చట్టం కింద తొలి కాలు ఎప్పుడు ఇస్తారో కనుక్కోవాలని మా ఉద్దేశం.

విశ్వపతి గారు లేచి త్రినాథతో కరచాలనం చేశారు. కాఫీ తెప్పించారు. "మీ వల్ల ఈ రాష్ట్రానికి గొప్ప చట్టం వచ్చింది," అన్నారు.

"కాలెప్పుడొస్తాది సాబ్?"

"ఎవరికి?"

"నాకు సాబ్."

విశ్వపతి గారు నా వైపు చూశారు. "కనకాచలం, ఒకటో నిబంధన వీరికి వివరించలేదా?" అన్నారు. చివరి పేజీ రాసేవాణ్ణే గానీ మొదటి పేజీని నేనంతగా పట్టించుకోలేదు. ఆయనే చదివారు. "'ఈ చట్టము ప్రకటిత తేదీ నుండి అమలులోకి వచ్చును.' అంటే ఆ తేదీ తర్వాత కాలు కోల్పోయినవారికి వర్తిస్తుంది. మీరు అంతకు ముందే కోల్పోయారు. వెనకటి తేదీ నుంచి వర్తింపజేయడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు."

త్రినాథ నా చేతిలోని గెజిట్ వైపు ఒకసారి చూశాడు.

"మరి సింహాచలానికి?" అన్నాడు త్రినాథ.

"ఆయనా ముందే కోల్పోయారు కదా. అయితే మీకు నిరాశ అక్కర్లేదు." విశ్వపతి గారి గొంతులో నిజమైన దయ ఉంది. ఆయన మనస్ఫూర్తిగానే చెప్పారు. "మీకింకా ఎడమకాలు ఉంది. ఇక మీదట దానికేమైనా జరిగితే మీరు పూర్తిగా అర్హులు. పాపం, సింహాచలం గారికి ఆ అవకాశం కూడా లేదు. ఆ రకంగా మీరు అదృష్టవంతులు."

దాలమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. అంతసేపూ ఆమె ఏం అంటుందోనని నేను భయపడుతూనే ఉన్నాను. ఆమె కేకలు వేయలేదు. "అయ్యా, ఇప్పుడు ఈయన కారణం కాదు గదా?" అని అడిగింది.

"కాదమ్మా. చట్టం వచ్చాక కారణంతో పని లేదు."

"మెమో ఏదీ లేదు గదా?"

"రద్దయినట్టే."

"రాండి," అని మొగుడి చంకకర్రలు అందించింది.

బయట వరండాలో త్రినాథ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. అంతకాలం ఎప్పుడూ తల దించని మనిషి. "ఆడికి మాటిచ్చీసినాను సాబ్," అన్నాడు. "సింహాచలానికి. కాళ్ళొత్తాయిరా, అరుగు దిగుదువు గాని అని సెప్పీసినాను."

ఆ క్షణంలో నాకేమైందో తెలియదు. నేరుగా నా సీటు దగ్గరికి వెళ్ళి సెలవు చీటీ రాశాను. సెలవుకి కారణం అన్న చోట ఏం రాయాలో తోచలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. నా సర్వీసులో కారణం లేకుండా పంపిన కాగితం అదొక్కటే. మంజూరైంది కూడా. ఎవరూ చదివినట్టు లేరు.

త్రినాథ మిలిటరీ కేంద్రానికి ఫోను చేసి తమ ఇద్దరి సర్వీసు నంబర్లు చెప్పాడు. రండి అన్నారు, అంతే. మేం నలుగురం బయల్దేరాం. పోలాకి సింహాచలాన్ని అరుగు మీంచి ఎత్తుకున్నప్పుడు ఆయన నా మెడ పట్టుకుని, "ఈయనేటి తిననోడి లాగున్నాడ్రా త్రినాథా, నన్ను పడేత్తాడు" అన్నాడు. పడేయలేదు. త్రినాథ చంకకర్రల మీదుండి సామాను మోయలేడు గనక ట్రంకుపెట్టె దాలమ్మ నెత్తికెత్తుకుంది. స్టేషన్లో ఎవరో కాలేజీ కుర్రాళ్ళు ఒక చెయ్యి వేశారు. సింహాచలం కిటికీ పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ళ తర్వాత రైలెక్కిన సంబరంతో దారి పొడుగునా కనిపించిన ప్రతి ఊరి పేరూ పైకి చదివాడు. దాలమ్మ మళ్ళీ జంతికలు చేసింది. ఈసారి అందరం తిన్నాం.

కేంద్రంలో వాళ్ళని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. కొలతలు తీసుకున్నారు, కాళ్ళు చేశారు, రెండు కమ్మీల మధ్య నడవడం నేర్పించారు. మొదటి రోజు సింహాచలం కమ్మీలు వదిలి నిలబడి, ఎత్తు చూసుకుని, "ఒరే, నేనింత పొడుగా!" అన్నాడు. త్రినాథ మొహం అటు తిప్పేసుకున్నాడు. దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుగు ప్రయాణంలో మా రైలు పొద్దున్నే టౌన్ స్టేషన్లో ఆగింది. సింహాచలం చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా, దాలమ్మ పక్కన నడుస్తూ వెళ్ళాడు. త్రినాథ ట్రంకుపెట్టె తనే భుజానికెత్తుకున్నాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. అప్పుడే నా ఫోను మోగింది. విశ్వపతి గారు.

"కనకాచలం, ఎక్కడున్నావయ్యా? అర్జెంటు. చట్టానికి ముందు కాళ్ళు పోయినవాళ్ళకి అన్యాయం జరిగిందని పత్రికల్లో గొడవ. మంత్రిగారు సవరణ బిల్లు తెస్తున్నారు. కొత్త కారణాన్ని వెతికే వ్యవధి లేదు, పాతదే పెడదాం. వెంటనే వెళ్ళి కారణాన్ని యథాతథ స్థితిలో ఉంచు. మెమో పంపుతున్నాను."

నేను ముందుకి చూశాను. త్రినాథ అప్పటికే ఓవర్‌బ్రిడ్జి మెట్లు సగం ఎక్కేశాడు. పైన నిలబడి, వెనకపడ్డ నన్ను చూసి, ప్లాట్‌ఫాం అంతా వినబడేలా అరిచాడు. "ఏటి సాబ్, రెండు కాళ్ళూ ఉండి ఆ నడకేటి? సిగ్గులేదా!"

"హలో, కనకాచలం? కారణం ఎక్కడుంది?"

"కారణం నడిచి వెళ్ళిపోయింది సార్," అన్నాను.